ఒక సంఖ్య తప్పిపోయింది

"1 నుంచి 100 దాకా సంఖ్యలున్నాయి. వాటిలో ఒకటి తప్పిపోయింది. మిగిలిన తొంభైతొమ్మిదింటినీ వరస లేకుండా కలిపేసి మీ చేతికిచ్చాను. తప్పిపోయినదేదో చెప్పండి."

మొదటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం తిరిగినవాళ్లలో చాలామందికి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురయ్యే ఉంటుంది. లీట్‌కోడ్‌లో ఇది 268వ ప్రశ్న. అమీర్‌పేటలో మైత్రివనం చుట్టుపక్కల చేతులు మారే జిరాక్స్ నోట్సుల్లోనూ, కాలేజీల్లో ప్లేస్‌మెంట్ల ముందు నడిపే సీఆర్‌టీ క్లాసుల్లోనూ ఇలాంటివే ఉంటాయి. జవాబు ఊరందరికీ తెలుసు. తెలిసిపోయిన ప్రశ్నను మళ్లీ మళ్లీ అడగడం చూసేవాళ్లకు బద్ధకంలా కనిపిస్తుంది. ఇంటర్వ్యూ బల్లకు రెండు వైపులా కూర్చున్న నాకు మాత్రం, ఫ్రెషర్లను అడిగే ప్రశ్నల్లో దీనంత పనితనంతో తయారైనవి తక్కువే అనిపిస్తుంది. ఇందులో షరతులు కొన్ని ఉన్నాయి. ఏ ఒక్క షరతు మార్చినా ప్రశ్న కొత్తదైపోతుంది, బట్టీ పట్టిన జవాబు పనికిరాకుండా పోతుంది. ఆ షరతులను ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

ఎదురెదురుగా కూర్చునే రౌండుకి ముందు ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది. ఆప్టిట్యూడ్, ఇంగ్లిష్ అయ్యాక ఒకటో రెండో కోడింగ్ ప్రశ్నలు. అభ్యర్థికి కనబడే ఉదాహరణలు ఒకటీ రెండే. కనబడని టెస్ట్ కేసులు ఇంకా చాలా ఉంటాయి. వాటిని రాసేవాళ్ల పనిని ఎవరూ మెచ్చుకోరు కానీ, అందులో ఎంతో ఆలోచన ఉంటుంది. ఒక కేసులో మొత్తం ఒక్క సంఖ్యే ఉంటుంది. ఒకదాంట్లో తప్పిపోయినది మొట్టమొదటిది, ఇంకోదాంట్లో చిట్టచివరిది. మరోదాంట్లో లక్ష సంఖ్యలు. మొదటి మూడూ అంచుల దగ్గర జారిపోయే ప్రోగ్రామును పట్టుకుంటాయి. చివరిది నెమ్మదిగా నడిచే ప్రోగ్రామును పట్టుకుంటుంది. అభ్యర్థి 1 ఉందా అని జాబితా అంతా వెతికి, తర్వాత 2 ఉందా అని మళ్లీ మొదటినుంచి వెతికి, ఇలాగే లక్ష దాకా వెళ్లాడనుకోండి. లక్ష సార్లు లక్ష, అంటే వెయ్యి కోట్ల పోలికల దాకా పోవచ్చు. సెకనుకి సుమారు పది కోట్ల చిన్న పనులు జరుగుతాయని పోటీ ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు ఒక మోటు లెక్క వేసుకుంటారు. ఆ లెక్కన ఇది వంద సెకన్ల పని. పరీక్ష ఇచ్చే గడువు మామూలుగా ఒకటో రెండో సెకన్లు. జవాబు సరైనదే, కానీ తెర మీద "టైమ్ లిమిట్ ఎక్సీడెడ్" అని పడుతుంది. ప్రోగ్రాము తప్పవడం వేరు, ఆలస్యమవడం వేరు అని చాలామంది మొదటిసారి తెలుసుకునేది ఇక్కడే.

ఇక గదిలోకి వద్దాం. క్యాంపస్ డ్రైవ్ అయితే అది కాలేజీలోనే ఏదో ల్యాబో, ఖాళీ క్లాస్‌రూమో. బల్ల మీద తెల్ల కాగితం, పెన్ను. ప్రశ్న అడిగారు. బాగా తయారైన అభ్యర్థి ఈ క్షణంలో పెన్ను పట్టుకోడు, ఎదురు ప్రశ్నలు వేస్తాడు. తప్పిపోయినది కచ్చితంగా ఒక్కటేనా? ఒకే సంఖ్య రెండుసార్లు రావచ్చా? జాబితా వరసలో ఉందా, లేదా? ఎంత పెద్దది ఉండొచ్చు? నేను దాన్ని మార్చవచ్చా, చదవడానికే ఇచ్చారా? అడిగినవాళ్లు ప్రశ్నను కావాలనే కొంచెం అసంపూర్తిగా వదిలారు. ఆఫీసులో క్లయింటు చెప్పే పని కూడా ఇలాగే సగం సగంగా వస్తుంది కాబట్టి, ఖాళీలు ఎక్కడున్నాయో కనిపెట్టడం ఉద్యోగంలో మొదటి పని. ఈ ఐదు ప్రశ్నల్లో రెండు అడిగినా చాలు, ఇంటర్వ్యూ చేసేవాళ్ల చేతిలోని కాగితం మీద ఒక మంచి మాట పడుతుంది.

తర్వాత మొదటి జవాబు. జాబితాను వరసలో పెట్టేసి ఎక్కడ గండి పడిందో చూడటం ఒక దారి. లక్ష సంఖ్యలను సార్ట్ చేయడానికి సుమారు పదిహేడు లక్షల పోలికలు సరిపోతాయి. వెయ్యి కోట్లతో చూస్తే ఇదేమీ కాదు. ఇంకో దారి, పక్కన లక్ష గళ్ల పట్టిక పెట్టుకుని ఏ సంఖ్య కనబడితే ఆ గడిలో టిక్కు పెట్టడం. చివరికి టిక్కు లేని గడే జవాబు. జాబితాను ఒక్కసారి చదివితే చాలు. కానీ అదనపు చోటు కావాలి. ఒక్కో టిక్కును ఒక్కో బిట్‌గా కుదించినా 12,500 బైట్లు. ఇక్కడ ఇంటర్వ్యూ చేసేవారు నిదానంగా అంటారు, "అదనపు చోటు ఇవ్వను, అప్పుడో?"

ఇప్పుడు పదో తరగతి శ్రేఢుల పాఠం పైకి రావాలి. 1 నుంచి 100 దాకా కూడితే 5,050. చేతికిచ్చిన తొంభైతొమ్మిదింటినీ కూడండి. 5,050లోంచి తీసేస్తే మిగిలేది తప్పిపోయిన సంఖ్య. చిన్నప్పుడు గౌస్ ఈ మొత్తాన్ని క్షణాల్లో చెప్పి పంతులుగారిని ఆశ్చర్యపరిచాడన్న కథ మనవాళ్లందరికీ తెలుసు. అంతకు ఎంతో ముందే, 499లో వచ్చిన ఆర్యభటీయంలో గణితపాదం శ్రేఢి మొత్తానికి సూత్రం ఇచ్చింది. వర్గాల మొత్తానికీ ఇచ్చింది. ఆ రెండోదానితో కాసేపట్లో పని పడుతుంది.

సూత్రం తేలిక. ఆఖరి సంఖ్యను దాని పక్క సంఖ్యతో గుణించి సగం చేయాలి. కాగితం మీద ఇందులో ప్రమాదమేమీ లేదు. కంప్యూటర్లో ఉంది. జావాలో ఇంట్ అనే రకానికి 32 బిట్ల చోటు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2,147,483,647. ఆఖరి సంఖ్య 46,340 అయితే లబ్ధం 2,147,441,940, అంటే అంచుకు ఆనుకుని ఆగింది. 46,341 అయిందంటే లబ్ధం 2,147,534,622. పట్టదు. పైకి పోయిన భాగం రాలిపోయి, మిగిలింది రుణ సంఖ్యగా కనబడుతుంది. దాన్ని సగం చేస్తే వచ్చేది ఎందుకూ పనికిరాదు. ప్రోగ్రాము ఆగదు, ఎర్ర అక్షరాలేవీ రావు, ఏదో ఒక అంకె వేసి ఊరుకుంటుంది. ఇంట్ బదులు లాంగ్ వాడాలని చెప్పే అభ్యర్థి ఇక్కడ గట్టెక్కాడు.

అంతకన్నా లోతుగా చూసిన అభ్యర్థి ఎప్పుడో ఒకరు తగులుతారు, ఆ రోజు ఇంటర్వ్యూ చేసేవాళ్లకు పండగ. ఆ అభ్యర్థి సూత్రం వాడటం మానేస్తారు. మొత్తం అని ఒక చర రాశి పెట్టుకుని, దానికి 1 కలిపి జాబితాలో మొదటిది తీసేసి, 2 కలిపి రెండోది తీసేసి, ఇలా వెళ్తారు. జావాలో కూడికలోనూ తీసివేతలోనూ అడుగు 32 బిట్లు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి. పైకి పొంగి రాలిపోయినవి తీసివేతలో తిరిగి సర్దుకుంటాయి. అందువల్ల మధ్యలో ఎన్నిసార్లు పొంగినా చివరి జవాబు సరైనదే వస్తుంది. చెడగొట్టింది పొంగడం కాదు, పొంగాక చేసిన భాగహారం. ఇదే పనిని సీ భాషలో నమ్మకంగా చేయలేం, ఎందుకంటే అక్కడ సంకేతమున్న సంఖ్య పొంగితే ఏం జరగాలో భాష నిర్వచించలేదు. ఇంత చిన్న ప్రశ్నలో రెండు భాషల స్వభావాలు విడివిడిగా కనబడ్డాయి.

పొంగే బెడదే లేని దారి ఒకటుంది, ఎక్సార్. ఇది బిట్ల మీద పనిచేసే చర్య. రెండు బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1. దీనివల్ల రెండు గుణాలు వస్తాయి. ఏ సంఖ్యనైనా దానితోనే ఎక్సార్ చేస్తే సున్నా. ఏ వరసలో చేసినా ఫలితం మారదు. ఇక 1 నుంచి 5 దాకా తీసుకోండి, 3 తప్పిపోయిందనుకోండి. మొత్తం ఐదింటినీ ఎక్సార్ చేస్తే 1 వస్తుంది. చేతిలో ఉన్న 1, 2, 4, 5లను చేస్తే 2 వస్తుంది. ఆ 1నీ ఈ 2నీ ఎక్సార్ చేస్తే 3. రెండు జాబితాల్లోనూ ఉన్న ప్రతి సంఖ్యా తన జతతో కలిసి సున్నా అయిపోయింది, జత దొరకనిది ఒక్కటే మిగిలింది. కూడిక లేదు, కాబట్టి పొంగడం లేదు. నోట్సుల్లో ఈ జవాబు ఒకే వాక్యంగా ఉంటుంది. ఆ వాక్యాన్ని అప్పజెప్పినవాళ్లను "ఎందుకలా వస్తుంది?" అని ఒక్క మాట అడిగితే చాలు, అర్థమయిందో లేదో తెలిసిపోతుంది.

ఇప్పుడు షరతు మారుస్తారు. "జాబితా వరసలోనే ఉందనుకోండి." కూడికా ఎక్సారూ ఇప్పటికీ పనిచేస్తాయి, కానీ ప్రతి సంఖ్యనూ ముట్టుకోవాలి. వరసలో ఉన్నప్పుడు అంత అవసరం లేదు. గళ్లను సున్నా నుంచి లెక్కపెడితే, గండి పడేదాకా ప్రతి గడిలోనూ దాని నంబరు కన్నా ఒకటి ఎక్కువ ఉంటుంది. సున్నా గడిలో 1, నాలుగో గడిలో 5. గండి తర్వాత రెండు ఎక్కువ. ఇంత తెలిస్తే బైనరీ సెర్చ్ వేయవచ్చు. 1 నుంచి 10లో 7 లేదు. తొమ్మిది గళ్లు, నంబర్లు 0 నుంచి 8. వెతికే భాగంలో మొదటి గడిని లో అనీ, చివరిదాన్ని హై అనీ అందాం. లో 0, హై 8, మధ్య గడి 4. అందులో 5 ఉంది, అంటే ఇటువైపు అంతా సవ్యమే. లో 5కి జరిగింది. 5కీ 8కీ మధ్య 6. అందులో 7 ఉండాలి, 8 ఉంది. గండి ఇక్కడో, ఇంతకు ముందో. హై 5కి వచ్చింది. గడి 5లో 6, సవ్యమే. లో 6 అయింది, హైని దాటేసింది, ఆగాం. లోకి ఒకటి కలిపితే 7. లక్ష సంఖ్యలున్నా పదిహేడు చూపులు చాలు.

ఈ అడుగులను కాగితం మీద లో, హై, మిడ్ అని మూడు నిలువు గళ్లు గీసి నింపడాన్ని డ్రై రన్ అంటారు. కోడ్ రాయగానే "అయిపోయింది సర్" అనేవాళ్లకూ, అడక్కుండానే ఈ గళ్లు గీసేవాళ్లకూ తేడా చాలా ఉంది. రెండోవాళ్లు ఒక్క ఉదాహరణతో ఆగరు. 1 తప్పిపోతే? 10 తప్పిపోతే? మొదటిదాంట్లో లో కదలకుండా ఉండిపోయి జవాబు 1, రెండోదాంట్లో లో 9 దాకా జరిగి జవాబు 10. కనబడని టెస్ట్ కేసులు రాసినవాళ్లు చేసిన పనే వీళ్లు ముందుగా చేసుకుంటున్నారు.

మధ్య గడి ఎలా కనుక్కున్నారన్న దాంట్లోనూ ఒక చరిత్ర ఉంది. లోనూ హైనీ కలిపి రెండుతో భాగిస్తాం. ఇంతకన్నా అమాయకమైన లెక్క ఉండదు. కానీ గళ్లు సుమారు 107 కోట్లు దాటితే ఆ కూడిక కూడా 32 బిట్లు దాటి పొంగుతుంది. 2006లో గూగుల్‌లో పనిచేస్తున్న జాషువా బ్లాక్ ఈ సంగతి బయటపెట్టాడు. పొరపాటు ఎక్కడో కాదు, జావాతో పాటు వచ్చే సొంత బైనరీ సెర్చ్‌లోనే ఉంది, దాన్ని రాసింది ఆయనే. సుమారు తొమ్మిదేళ్లు ఎవరి కంటా పడలేదు. ఆయనకు పాఠం చెప్పిన జాన్ బెంట్లీ పుస్తకం ప్రోగ్రామింగ్ పర్ల్స్‌లోనూ అదే లెక్క ఉంది. ఆ బెంట్లీయే ఇంకో మాట రాశాడు. మొదటి బైనరీ సెర్చ్ 1946లో అచ్చయితే, తప్పుల్లేనిది 1962 దాకా అచ్చు కాలేదని. మందు మాత్రం చిన్నది. హైలోంచి లో తీసేసి, దాన్ని సగం చేసి, లోకి కలపాలి. ఒక ఫ్రెషర్ ఈ రూపంలో మిడ్ రాస్తే, ఎందుకలా రాశారని అడగడం నాకు అలవాటు. కారణం చెప్పినవాళ్లకు ఈ కథ తెలియకపోయినా ఫరవాలేదు, కథ జరగడానికి కారణమేమిటో తెలుసు.

ఆఖరి షరతు. "రెండు సంఖ్యలు తప్పిపోయాయి." ఫ్రెషర్ ఇంటర్వ్యూ ఇంతదూరం రావడం అరుదు, వచ్చినా పూర్తి జవాబు ఆశించరు. కానీ ఇది అందమైన చోటు. 1 నుంచి 10లో 3, 6 లేవనుకోండి. మొత్తాల తేడా 9, వర్గాల మొత్తాల తేడా 45. రెండు సంఖ్యల మొత్తం 9, వాటి వర్గాల మొత్తం 45 అన్నమాట. 9 వర్గం 81లోంచి 45 తీస్తే 36, అందులో సగం 18 వాటి లబ్ధం. మొత్తం 9, లబ్ధం 18 అయ్యే జత 3, 6. ఆర్యభటీయంలోని రెండు సూత్రాలూ ఒకే ప్రశ్నలో పనికొచ్చాయి. ఎక్సార్‌తో ఇంకా ముచ్చటగా ఉంటుంది. అంతా చేశాక మిగిలేది 3నీ 6నీ ఎక్సార్ చేసిన ఫలితం, అంటే 5. దాన్ని చూసి ఆ రెండూ ఏవో చెప్పలేం. కానీ 5ను బిట్లలో రాస్తే 101. చివరి బిట్ 1 అంటే ఆ బిట్ దగ్గర తప్పిపోయిన రెండూ విభేదిస్తున్నాయి, ఒకటి బేసి, రెండోది సరి. అయితే సంఖ్యలన్నిటినీ సరి, బేసిగా విడదీయండి. బేసి గుంపులో ఒకటే తప్పిపోయింది, సరి గుంపులో ఒకటే తప్పిపోయింది. రెండు గుంపుల్లోనూ పాత జవాబే విడివిడిగా వాడితే సరి. కష్టమైన ప్రశ్న రెండు తేలిక ప్రశ్నలుగా విడిపోయింది.

ఇంటర్వ్యూ చేసేవాళ్ల పనితనం సూచనలు ఇవ్వడంలో ఉంటుంది. అభ్యర్థి ఆగిపోతే ముందు కొంతసేపు ఊరుకోవాలి. తర్వాత "చిన్న ఉదాహరణ తీసుకుని చేతితో చేయండి" అనాలి. అదీ కుదరకపోతే "జత ఉన్నవన్నీ పోతే ఏం మిగులుతుంది?" అనాలి. ఒక్కో సూచన ఒక్క అడుగు ముందుకు వేయించాలి, రెండు అడుగులు వేయించకూడదు. పుచ్చకాయ కొనేవాడు కోయకుండానే వేలితో తట్టి శబ్దం వింటాడు, ఇక్కడ జరిగేదీ అంతే. సూచన అందుకున్న అభ్యర్థి ఏ శబ్దం చేస్తాడన్నదే వినాలి. కొందరు వినగానే తమ పాత ఆలోచనను వదిలేస్తారు, కొందరు దాన్ని కొత్తదానితో అతికిస్తారు. మూడోవాళ్లు వినరు. రేపు పక్క కుర్చీలో కూర్చుని కోడ్ రివ్యూ చేయించుకునేటప్పుడు ఎవరు ఎలా ఉంటారో ఇక్కడే సగం తెలిసిపోతుంది.

మన పిల్లలకు ఒక భారం ఎక్కువ. ఆలోచించేది తెలుగులో, పైకి చెప్పాల్సింది ఇంగ్లిష్‌లో. లెక్క తెలిసీ మాట కుదరక ఆగిపోయినవాళ్లు ఎందరో. నెగ్గుకొచ్చినవాళ్లు ఒక పద్ధతి పాటించడం గమనించాను. పొడుగు వాక్యాలు కట్టరు. చర రాశులకు మంచి పేర్లు పెట్టుకుంటారు, కాగితం మీద ఆ పేరు మీద వేలు పెట్టి చిన్న చిన్న వాక్యాల్లో చెబుతారు. ఇది ఇంత, ఇక్కడ ఒకటి కలుపుతున్నాను, ఇక్కడ ఆగుతున్నాను. ఆ ఇంగ్లిష్‌లో వ్యాకరణం అక్కడక్కడా కుంటుతుంది కానీ ఆలోచన కుంటదు. వినేవాళ్లు తెలుగువాళ్లైతే ఒక్కోసారి, "ఫరవాలేదమ్మా, తెలుగులోనే చెప్పండి" అంటారు. అప్పుడు మాట ఏరులా వస్తుంది.

జవాబు బట్టీ కొట్టి వచ్చినవాళ్లను ఏం చేయాలన్న దిగులు ఇంటర్వ్యూ చేసేవాళ్లలో పాతదే. ఇంట్లో కూర్చుని వీడియోలో ఇచ్చే ఇంటర్వ్యూలు వచ్చాక, పక్క తెర మీద ఏఐ జవాబు రాసిపెడుతోందన్న దిగులు కూడా చేరింది. అయితే ఈ ప్రశ్న రెండింటినీ తట్టుకుంటుంది. జవాబు ఒక్క ఊపులో అప్పజెప్పినవాళ్లను మెచ్చుకుని, షరతు మార్చాలి. ఒక సంఖ్య తప్పిపోయి ఇంకోటి రెండుసార్లు వస్తే? సంఖ్యలు ఒక్కొక్కటే వస్తూ పోతే, వెనక్కి చూసే వీల్లేకపోతే? రాసిపెట్టిన జవాబు అక్కడితో అయిపోతుంది, ఆలోచన ఉంటే అది సాగుతుంది.

పెద్ద ప్రశ్న చుట్టూ చిన్నవి ఉంటాయి. వాటిలో నాకు నచ్చినది జావాలో ఇంటీజర్ గురించి. రెండు ఇంటీజర్ వస్తువుల్లో 127 వేసి రెండు ఈక్వల్స్ గుర్తులతో పోల్చితే ట్రూ, 128 వేసి పోల్చితే ఫాల్స్. మంత్రంలా ఉంటుంది. లోపల జరిగేది ఇది. −128 నుంచి 127 దాకా విలువలకు జావా ముందే వస్తువులు చేసిపెట్టుకుని అడిగినవాళ్లందరికీ వాటినే ఇస్తుంది. అది దాటితే మామూలుగా ప్రతిసారీ కొత్త వస్తువు. ఆ గుర్తులు పోల్చేది వస్తువులను, విలువలను కాదు. డేటాబేస్ వైపునుంచి వచ్చేది "రెండో అత్యధిక జీతం ఎవరిది?" అన్నది. జీతాలను పెద్దదానినుంచి చిన్నదానికి పేర్చి రెండో వరస తీస్తామంటారు. అత్యధిక జీతం ఇద్దరికి ఉంటే? రెండో వరసలోనూ అదే జీతం వస్తుంది. అందుకే సమాన జీతాలకు ఒకే ర్యాంకు ఇచ్చి, మధ్యలో అంకె వదలని డెన్స్ ర్యాంక్ వాడాలి. ఉద్యోగి ఒక్కరే ఉంటే? ఇక్కడ కూడా అంచులే.

తర్వాత రెజ్యూమె. ఫ్రెషర్‌కు ఒక పేజీ చాలు, ఆ పేజీలో ఉన్న ప్రతి మాటా ఒక ప్రశ్నకు పిలుపు. ప్రాజెక్టు దగ్గర ఆన్‌లైన్ బస్ టికెట్ బుకింగ్ అని ఉందనుకోండి. "ఇద్దరు ఒకే సీటు మీద ఒకే క్షణంలో నొక్కితే ఏమవుతుంది?" అని అడుగుతారు. సీటు ఖాళీగా ఉందో లేదో చూసి, ఉంటే రాస్తాం అనేది అందరూ చెప్పేది. చూడటానికీ రాయడానికీ మధ్య సన్నని సందు ఉంది, ఇద్దరూ ఖాళీ అని చూసి ఇద్దరూ రాసేస్తారు. ప్రాజెక్టు నిజంగా తానే చేసిన ఒక అమ్మాయి ఇలా చెప్పింది, "మేడమ్, సర్వీస్ నంబరు, తేదీ, సీటు నంబరు మూడింటి మీదా కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టాను. రెండోవాళ్లు రాయబోతే డేటాబేసే ఒప్పుకోదు. ఆ ఎర్రర్ పట్టుకుని, సీటు ఇప్పుడే నిండింది, ఇంకోటి ఎంచుకోండి అని చూపిస్తాను." సీనియర్ల దగ్గర కొన్న ప్రాజెక్టు రిపోర్టు ఎంత దళసరిగా ఉన్నా ఈ మాట దాంట్లో ఉండదు.

హెచ్‌ఆర్ రౌండులో నైపుణ్యం పెద్దగా అక్కర్లేదు. చెన్నై, పుణె, బెంగళూరు ఎక్కడికి వేసినా వెళ్తారా, నైట్ షిఫ్ట్ చేస్తారా, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా, మధ్యలో ఏడాది ఖాళీ ఎందుకొచ్చింది. నిజం చెబితే చాలు. చేరేటప్పుడు ప్రొవిజనల్ సర్టిఫికెట్టూ, మార్కులన్నీ ఒకేచోట ఉండే సీఎంఎమ్మూ అడుగుతారు. రెజ్యూమెలో చెప్పింది వాటితో సరిపోవాలి.

ఆఫర్ లెటర్ మాత్రం కోడ్ చదివినంత నిదానంగా చదవాల్సిన కాగితం. పైన పెద్ద అక్షరాల్లో ఉండే సీటీసీ, కంపెనీ ఏడాదికి మీ మీద పెట్టే ఖర్చు. కింద పట్టికలో బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, స్పెషల్ అలవెన్స్, ఆ తర్వాత నెలనెలా చేతికి రానివి. పీఎఫ్‌లో కంపెనీ వాటా 12 శాతం. చాలాచోట్ల 15,000 మీదే లెక్క కడతారు కాబట్టి అక్కడ 1,800 అని కనబడుతుంది. మీ వాటాగా ఇంకో 1,800 జీతంలోంచి పోతుంది. గ్రాట్యుటీ అన్నచోట బేసిక్‌లో 4.81 శాతం ఉంటుంది. ఆ వింత అంకె ఎక్కడిదంటే, ఏడాది పనికి పదిహేను రోజుల వేతనం ఇవ్వాలి, నెలకు ఇరవయ్యారు పనిదినాలు. పదిహేనును ఇరవయ్యారుతో, ఆపైన పన్నెండుతో భాగిస్తే వచ్చేది అదే. సాధారణంగా అయిదేళ్లు పనిచేస్తేనే అది చేతికందుతుంది. వేరియబుల్ పే అన్నది పనితీరును బట్టి వచ్చేది, రాకపోవచ్చు కూడా. నెల జీతం ఇరవై వేలు దాటితే తెలంగాణలోనైనా ఆంధ్రప్రదేశ్‌లోనైనా వృత్తి పన్ను 200. ఇవన్నీ తీసేశాక నెలకు చేతికొచ్చేదెంతో, బాండ్ ఉంటే ఎన్నాళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో హెచ్‌ఆర్‌ను అడగడంలో తప్పేమీ లేదు. సంతకం పెట్టక ముందే అడగండి.